రేపు బోటు దిగుతుందా? సముద్రపు సూచనలిచ్చే సేవల మీద నా రివ్యూ

తొందరలో ఉన్నవాళ్ళ కోసం మార్కులు ముందే చెప్పేస్తున్నా. ఉత్తరాంధ్ర తీరంలో చిన్న బోటు ఉన్నవాళ్ళకి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచనకి అయిదుకి నాలుగున్నర. వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరికకి మార్కులు వేయను, అది చూసి తీరాల్సింది. గాలిని బొమ్మలో చూపించే విండీ యాప్‌కి నాలుగు. నెలనెలా డబ్బులు గుంజే ఒక విదేశీ యాప్‌కి ఒకటి, అది కూడా బొమ్మలు బాగున్నందుకు. నీళ్ళు చూసి చెప్పే మా మావయ్య ఈ పోటీలో లేడు గానీ, ఉంటే వీటిలో కొన్నింటికి కష్టమయ్యేది.

మాది పూడిమడక, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలం. నేను వేటకు వెళ్ళను. ఊళ్ళో ఐసు, గేలాలు, తాళ్ళు అమ్మే కొట్టు నాది. మా బావ ఫైబర్ బోటులో నాకూ ఒక వాటా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లకీ ఇంజను బోట్లకీ వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతిని మన రాష్ట్రంలో 2025లో 20 వేలు చేశారు. మంచిదే, కానీ బోటు మీద ఉన్న అప్పు దానికి లొంగేది కాదు. అందుకని ఉగాదికీ నిషేధానికీ మధ్య మిగిలిన ప్రతి రోజూ మాకు డబ్బే. ఆ రోజుల్లో రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కోగానే బావ అడిగేది ఒకటే: "రేపు దిగుతాదా, దిగదా?" ఫోన్ నా చేతిలో ఉంటుంది కాబట్టి జవాబు చెప్పే పని నాది.

ఈ రివ్యూ ఉగాది వెళ్ళిన వారంలో వాడిన అనుభవంతో రాస్తున్నాను. వైశాఖ మాసపు ఎండలు ఇంకా ముదరలేదు, తుపాన్ల కాలం మొదలవలేదు. టీవీలో చెప్పుకోదగ్గ వాతావరణ వార్తే ఉండదు. నిజానికి ఇలాంటి రోజుల్లోనే ఈ సేవల పస తెలుస్తుంది. తుపాను వస్తుందని ఎవరైనా చెప్తారు. బావుందనిపించే సముద్రంలో ఏ రోజు బాగోదో చెప్పడమే కష్టం.

మా ఊరి సంగతి ఒకటి తెలియాలి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో లాగా జెట్టీ పక్కన తాడు విప్పుకుని వెళ్ళిపోవడం మాకు కుదరదు. ఇసుక మీంచి బోటుని తోసి, కెరటాలు విరిగే చోటు దాటించాలి. అది దాటితే సగం పని అయినట్టే. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ అదే గండం, ఈసారి చేపల బరువుతో. కాబట్టి మాకు కావలసినవి మూడు: తెల్లారుజామున ఒడ్డు దగ్గర కెరటం, మధ్యాహ్నం లేచే గాలి, సాయంత్రం కొండల వైపు నుంచి వచ్చే ఉరుముల వాన. ఏ సేవని చూసినా ఈ మూడిట్లో దేనికి పనికొస్తుందన్నదే నా కొలత.

ఇన్‌కాయిస్ నుంచి మొదలుపెడతా. 1999లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది, భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద నడుస్తుంది. సముద్రం లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్ దగ్గర కూర్చుని సముద్రం గురించి చెప్తారని మా ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వస్తాయని చెప్తే నవ్వు ఆగుతుంది. వాళ్ళ సూచనలో కెరటం ఎత్తు, అది వచ్చే దిక్కు, రెండు కెరటాల మధ్య వ్యవధి, దూరం నుంచి వచ్చే ఉబ్బు కెరటం వేరుగా, గాలి, పైనీటి ప్రవాహం, నీటి వేడి అన్నీ ఉంటాయి, రాబోయే కొన్ని రోజులకి. విశాఖ దగ్గర సముద్రంలో కెరటాలు కొలిచే తేలుడు యంత్రం ఒకటి వాళ్ళదే ఉంది. అంటే ఇదంతా కంప్యూటర్ లెక్కే కాదు, సరిచూసుకోవడానికి కొలత కూడా ఉంది. అన్నీ ఉచితం.

చూసే పద్ధతి తెలియకపోతే మాత్రం ఈ అంకెలు మోసం చేస్తాయి. మొదటిది ఎత్తు. "ఒకటిన్నర మీటరు" అని ఉంటే వచ్చే కెరటాలన్నీ ఒకటిన్నరే ఉంటాయని కాదు. వచ్చిన వాటిలో పెద్దవైన మూడో వంతు కెరటాల సగటు అది. ఒక్కొక్కటి దానికి ఇంచుమించు రెట్టింపు కూడా రావచ్చు. ఈ మాట బావకి చెప్తే, "అంటే మూడు మీటర్లది ఒకటి ఎక్కడో కాసుకునుంటాది, అంతేనా?" అన్నాడు. అంతే. ఇంతకంటే బాగా నేను ఏ వెబ్‌సైట్లోనూ చదవలేదు.

రెండోది వ్యవధి. జనం దీన్ని అసలు చూడరు. నా మటుకు ఈ రివ్యూ మొత్తం దీని కోసమే రాస్తున్నానంటే అతిశయోక్తి కాదు. ఇక్కడి గాలికి ఇక్కడే లేచిన కెరటానికి వ్యవధి అయిదారు సెకన్లు ఉంటుంది. లోతు నీళ్ళలో అలాంటి కెరటం పొడవు ఒక 56 మీటర్లు. అదే 16 సెకన్ల కెరటమైతే 400 మీటర్ల పొడవు. నడి సముద్రంలో అది బోటు కింద నుంచి మెల్లగా ఎత్తి దించి వెళ్ళిపోతుంది, నిద్రపోయేవాడికి తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గరికొచ్చాకే దాని అసలు రూపం బయటపడేది. లోతు తగ్గేకొద్దీ లేచి, మొత్తం బలమంతా ఒక్కచోట గుమ్మరిస్తుంది. ఇది మన గాలికి పుట్టింది కాదు. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన తుపాను లాంటి గాలులు వీచే చోట పుట్టి, గంటకి 45 కిలోమీటర్ల లెక్కన ప్రయాణం చేసి, అయిదారు రోజులకి మన దగ్గర తేలుతుంది. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గాలి ఉండదు. సముద్రం మాత్రం ముందుకొస్తుంది.

కేరళలో దీన్నే కల్లక్కడల్ అంటారు. 2024 మార్చి 31న అక్కడ ఆలప్పుళ, కొల్లం, తిరువనంతపురం తీరాల్లో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చింది దీనివల్లే. అదే ఏడాది మే 6న కన్యాకుమారి జిల్లాలో బీచ్‌లో దిగిన వైద్య విద్యార్థులు అయిదుగురు చనిపోయారు. ముందు రోజుల్లోనే ఇన్‌కాయిస్ హెచ్చరిక ఉంది. ఎండ కాస్తున్న రోజు సముద్రం ప్రమాదమని ఎవరనుకుంటారు? ఆర్కే బీచ్‌కీ, యారాడకీ వేసవి సెలవల్లో పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఈ ఉబ్బు కెరటాల హెచ్చరిక చూసుకోవాలి. ఇది మత్స్యకారుల కోసమే అనుకుంటే పొరపాటు.

మాకు అలాంటి రోజు చవితి నాడు వచ్చింది. అంతకు ముందు రోజు సూచనలో ఎత్తు ఒకటిన్నర దగ్గర ఉండి, అందరూ హాయిగా వెళ్ళొచ్చారు. చవితికి ఎత్తు 1.1 మీటర్లకి తగ్గింది. నేను చెప్పిన ఆ డబ్బుల యాప్ పచ్చరంగు చూపించి, పక్కన నవ్వే మొహం కూడా పెట్టింది. ఇన్‌కాయిస్ పట్టికలో ఎత్తు తక్కువే, కానీ ఉబ్బు కెరటం వరసలో వ్యవధి 15 దాటింది, దిక్కు దక్షిణం. రాత్రే బావకి చెప్పాను, రేపు ఒడ్డు దగ్గర బాగోదని. "మీటరు కెరటానికి ఇంట్లో కూర్చోమంటావా?" అని కసిరాడు.

తెల్లారుజామున ఒడ్డుకి వెళ్ళేసరికి మావయ్య, అంటే బావ వాళ్ళ నాన్న, అప్పటికే అక్కడ ఉన్నాడు. ఆయన ఫోన్ చూడడు. ఆకాశవాణి విశాఖపట్నంలో హెచ్చరిక వింటాడు, తర్వాత ఒడ్డున గొంతుక్కూర్చుని చాలాసేపు నీళ్ళనే చూస్తాడు. నన్ను చూసి, "అల్లుడూ, కెరటం బరువుగా వస్తంది. ఇది ఇక్కడిది కాదు" అన్నాడు. నేను రాత్రి పట్టికలో చదివిందీ అదే.

చూడ్డానికి సముద్రం బ్రహ్మాండంగా ఉంది. పది నిమిషాల పాటు అసలు కెరటమే లేనట్టు ఉంటుంది. తర్వాత వరసగా అయిదారు వస్తాయి, ఒకదాని వెనక ఒకటి, పొడుగాటి గోడల్లా నిటారుగా లేచి, ఇసుక తిన్నె మీద దబ్బున పడి, నురగ మన కాళ్ళ దాకా తోసుకొచ్చేస్తుంది. పైగా చవితి కాబట్టి తెల్లారే వేళకి సముద్రం పాటు మీద ఉంది. నీళ్ళు వెనక్కి తీసేసరికి కెరటం ఇంకా దూరంలో, లోతు లేని చోట విరుగుతోంది. మా పక్క బోటు వాళ్ళు ఆ నిమ్మళంగా ఉన్న పది నిమిషాలు చూసి తోసేశారు. సగం దూరం వెళ్ళాక వరస మొదలైంది. మొదటిది ఎక్కారు. రెండోదానికి ముందు భాగం లేచి పక్కకి వాలింది. మూడోది వచ్చేసరికి బోటు అడ్డం తిరిగింది. ఇద్దరు దూకేశారు, మనుషులకి ఏమీ కాలేదు. ఇంజనులోకి ఉప్పునీళ్ళు పోయాయి. నా కొట్లో ఆ ముందు రాత్రి కొన్న ఐసు పెట్టె తేలుకుంటూ ముత్యాలమ్మపాలెం వైపు పోయింది, మూత మాత్రం ఒడ్డుకొచ్చింది.

పోటు వచ్చేదాకా ఆగి వెళ్ళొచ్చు కదా అంటారు. ఆ రోజు పోటు వచ్చేది దాదాపు మధ్యాహ్నానికి. అప్పటికి గాలి లేస్తుంది. చైత్రంలో మా తీరాన గాలి లెక్క ఇదీ: తెల్లారుజామున భూమి వైపు నుంచి పల్చగా వీస్తుంది, తొమ్మిదికి ఆగినట్టు ఉంటుంది, పదకొండు దాటాక దక్షిణ నైరుతి నుంచి మొదలై మూడింటికల్లా గట్టిపడుతుంది. అందువల్ల పోటు కోసం ఆగితే గాలికి దొరుకుతాం, గాలి తప్పించుకోవాలని ముందే వెళ్తే పాటుకి దొరుకుతాం. ఆ రోజు బావ బోటు దించలేదు. కసురుకున్నందుకు నాతో ఏమీ అనలేదు గానీ, మధ్యాహ్నం కూర మాత్రం ఇంటికి పంపించాడు.

ఇక్కడే ఇన్‌కాయిస్‌కి అర మార్కు ఎందుకు తగ్గించానో చెప్పాలి. వాళ్ళ సూచన సముద్రానికి, ఒడ్డుకి కాదు. కెరటం విరిగే చోట ఇసుక తిన్నె ఈ నెల ఎక్కడుంది, ఏ గండి గుండా బోటు పోతుంది అన్నది ఏ ఉపగ్రహానికీ తెలియదు. అది వాళ్ళ తప్పు కాదు, తిన్నె ప్రతి వానాకాలానికీ జరుగుతుంది. కానీ మా లాంటి ఊళ్ళకి అసలు గండం అక్కడే కాబట్టి, అంకె చూసి ఒడ్డు చూడకుండా వెళ్ళేవాళ్ళకి ఈ సంగతి చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు.

చిన్న పడవల కోసమే వాళ్ళది వేరే సలహా సేవ కూడా ఉంది. ఏడు మీటర్ల వెడల్పు వరకు ఉన్న పడవలకి వర్తిస్తుంది. ఎత్తొక్కటే చూడరు. కెరటం ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి కలగాపులగంగా వస్తోంది, గాలి ఎంత త్వరగా ముదురుతోంది అన్నవి కలిపి బోల్తా పడే ప్రమాదాన్ని లెక్కగడతారు. పది రోజుల ముందు దాకా చెప్తారు. వారం తర్వాతి సంగతి మరీ పట్టించుకోను గానీ, మూడు రోజుల లోపుది చూసి ఐసు ఎంత తెప్పించాలో నిర్ణయించుకుంటున్నాను. ఐసు కరిగితే నాకు నష్టం, చాలకపోతే బావకి నష్టం.

ఎవరూ వాడుకోని బంగారం ఇంకొకటి ఉంది, ప్రవాహాల పటం. ఫిబ్రవరి నుంచి మన తీరం వెంబడి నీళ్ళు దక్షిణం నుంచి ఈశాన్యానికి పారతాయి, మార్చి ఏప్రిల్‌లో జోరు మీద ఉంటాయి. తదియ నాడు పటంలో సెకనుకి 0.8 మీటర్లు చూపించింది. గంటకి దాదాపు మూడు కిలోమీటర్లు. సూర చేప కోసం గేలాలు వేసుకుని నాలుగు గంటలు కూర్చుంటే, ఇంజను వేయకుండానే పన్నెండు కిలోమీటర్లు విశాఖ వైపు జారిపోతారు. తిరిగి రావాలంటే ప్రవాహానికీ, పైనుంచి నైరుతి గాలికీ ఎదురు. డీజిల్ అక్కడే తగలడుతుంది. ఆ రోజు ముందే పెంటకోట వైపు ఎక్కి, అక్కడ గేలాలు వేసి జారుకుంటూ రమ్మన్నాను. సాయంత్రానికి సరిగ్గా ఊరికి ఎదురుగా తేలారు. ఒక క్యాన్ డీజిల్ మిగిలింది. సూరలతో పాటు ఒక కొమ్ముకోనెం కూడా పడింది, దాని ముక్కు చూసి పిల్లలు బోటు చుట్టూ మూగారు. ప్రవాహం సంగతి మావయ్యకీ తెలుసు, వాళ్ళ నాన్నకీ తెలుసు. ఎంత వేగం అన్న అంకె మాత్రం వాళ్ళకి ముందు రాత్రే దొరికేది కాదు.

చేపలు దొరికే చోట్ల సూచన కూడా వీళ్ళదే, తెలుగులోనూ ఇస్తారు. ఫలానా ఊరి నుంచి ఏ దిక్కుకి, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతెంత అని ఉంటుంది. ఉపగ్రహాలతో నీటి వేడి, నీటిలో పచ్చదనం చూసి, చల్లనీళ్ళూ వెచ్చనీళ్ళూ కలిసే గీత పట్టుకుంటారు. ఈ నెలల్లో విశాఖ తీరాన అడుగు నీళ్ళు పైకొచ్చి ఒడ్డు పక్క చల్లబడుతుంది కాబట్టి ఆ గీత బాగానే కనిపిస్తుంది. కవ్వళ్ళు, కానాగంతల వలల వాళ్ళకి పనికొస్తుంది. మబ్బు పడితే సూచన రాదు, నిషేధంలో అసలు ఇవ్వరు. సూరకి వెళ్ళే మాకు అంత అక్కర లేదు, కాబట్టి దీని మీద ఎక్కువ రాయను.

వాతావరణ శాఖ సంగతి. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి వచ్చే బులెటిన్ రోజుకి నాలుగుసార్లు వస్తుంది. గంటకి 45 నుంచి 55 కిలోమీటర్లు, ఒక్కోసారి 65 వేగంతో గాలి అని రాస్తే, ఆ మాటకి తిరుగు లేదు, బోటు ఇసుక మీదే. అక్కడ వాదనలకి తావివ్వకూడదు, బావకైనా సరే. దాని తిరగేసిన అర్థం తీసుకునేవాళ్ళతోనే నా పేచీ. హెచ్చరిక లేదంటే సముద్రం బాగుందని కాదు. ఆ హద్దు దాటలేదని మాత్రమే. మా ఫైబర్ బోటుకి 30 దాటితేనే ముఖం మీద నీళ్ళు కొట్టడం మొదలవుతుంది. అలాగే బులెటిన్‌లో సముద్రం "ఓ మోస్తరు" అని ఉంటే అది 1.25 మీటర్ల నుంచి 2.5 మీటర్ల దాకా ఏదైనా కావచ్చు. పెద్ద మరబోటుకి ఆ రెండూ ఒకటే. మాకు మొదటిది వేట, రెండోది సెలవు. కాబట్టి హెచ్చరిక వాతావరణ శాఖది, అంకె ఇన్‌కాయిస్‌ది, ఇదీ మా ఇంటి పద్ధతి.

ఉరుముల వానకి మాత్రం కెరటాల సూచనలు దేనికీ పనికిరావు. సప్తమి నాడు అదే తేలింది. పొద్దున్న అన్ని చోట్లా ఎత్తు మీటరు లోపు, ఉబ్బు కెరటం తగ్గింది, ఆటుపోట్ల తేడా కూడా తగ్గిపోయింది, బోట్లన్నీ దిగాయి. మధ్యాహ్నం రెండున్నరకి కొట్లో కూర్చుని ఉండగా వాతావరణ శాఖ మూడు గంటల సూచనలో అనకాపల్లి జిల్లాకి పసుపు రంగు పడింది. కైలాసగిరి మీద ఉన్న రాడార్ బొమ్మ తీస్తే పాడేరు వైపు ఎర్రటి ముద్ద ఒకటి తూర్పుకి జరుగుతోంది. పిడుగుల కోసం దామిని యాప్ కూడా పెట్టుకున్నాను, 20, 40 కిలోమీటర్ల వలయాలు గీసి చూపిస్తుంది. దానిలోనూ చుక్కలు మొదలయ్యాయి. బావకి ఫోన్ చేస్తే అందుబాటులో లేరని వచ్చింది. ఒడ్డు నుంచి కొంత దూరం పోయాక సెల్ సిగ్నల్ ఉండదు, అది అందరికీ తెలిసిందే.

నాలుగింటికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అంతసేపూ కొట్టు ముందు పట్టా టపటపలాడుతూ ఉందల్లా వేలాడిపోయింది. తర్వాత వాయవ్యం నుంచి చల్లటి ఈదురుగాలి, దాంతో పాటు మట్టి వాసన, ఇసుక లేచి కళ్ళల్లో పడింది. అప్పటికే బోట్లు ఒక్కొక్కటే గండి దాటి వస్తున్నాయి. బావ దిగి, "కొండల మీద నల్లగా కట్టింది, చూసి తిప్పేశాను" అన్నాడు. అంటే నా ఫోన్లో ఉన్నదంతా ఆయనకి కళ్ళతోనే కనపడింది. కానీ చీకటి పడ్డాక వచ్చే ఉరుముల వానైతే కళ్ళు చాలవు. అందుకని వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు చార్జింగ్‌లో ఉంచడం, ఆపదలో పిలిచే 16వ చానల్ తెరిచి ఉంచడం, కోస్ట్ గార్డు నంబరు 1554 బోటు లోపల పెయింట్‌తో రాసి ఉంచడం ఏ యాప్ కన్నా ముందు చేయాల్సిన పనులు. సిగ్నల్ లేని చోట కూడా సందేశాలు అందే ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లను కేంద్ర పథకం కింద 2024 నుంచి బోట్లకి పెడుతున్నారు. మా బోటుకి వచ్చాక దాని మీద వేరే రాస్తాను.

విండీ గురించి కొంచెం. ఉచిత భాగం చాలు. గాలి కదలిక బొమ్మలో కనపడుతుంది కాబట్టి అంకెలంటే భయపడేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. దీని గొప్ప ఏంటంటే యూరోపు లెక్కనీ అమెరికా లెక్కనీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. రెండూ ఒకే మాట చెప్తే నమ్ముతాను. ఒకటి మధ్యాహ్నం గాలి 20 అని, ఇంకొకటి 32 అని చెప్తే, ఆ రోజు త్వరగా తిరిగి రమ్మంటాను. నాకు కావలసింది గాలి ఎంతన్నదానికన్నా ఏ గంటకి లేస్తుందన్నది, అది దీంట్లో బాగా దొరుకుతుంది. వేగం నాట్లలో ఉంటే సెట్టింగుల్లో కిలోమీటర్లకి మార్చుకోండి. నాటు అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. మార్చుకోకపోతే 20 అని చూసి ఓస్ ఇంతేనా అనుకుంటారు, అది 37.

చివరికి ఆ డబ్బుల యాప్. పేరు రాయను. వేట రోజుకి చేప బొమ్మలతో మార్కులు వేస్తుంది, అయిదు చేపలంటే బ్రహ్మాండమైన రోజట. ఆ మార్కులు ఎలా వస్తాయా అని చూస్తే ఎక్కువ భాగం చంద్రుణ్ణి బట్టే. అమావాస్య, పౌర్ణమి, అష్టమి అని చెప్పడానికి నెలనెలా చందా ఎందుకు, గోడ మీద క్యాలెండర్ ఉంది. మా ఊరి పేరు కొడితే గుర్తు ఊరి మధ్యలో పడుతుంది. అక్కడి గాలి వేరు, ఒడ్డు దాటాక గాలి వేరు. వేలితో జరిపి నీళ్ళలో పెట్టినా మర్నాటికి మళ్ళీ ఊళ్ళోకి వచ్చేస్తుంది. కెరటాల పట్టికలో గంటలు మన టైము కాదు, గ్రీన్‌విచ్ టైము. ఉదయం ఆరు అని ఉంటే మనకి పదకొండున్నర. ఆ మాట ఎక్కడో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. తెల్లారుజామున వేటకు వెళ్ళే మనిషికి ఆ అయిదున్నర గంటల తేడా ఎంత ప్రమాదమో తెలియడానికి ఆ యాప్ చేసినవాళ్ళు ఎప్పుడూ బోటు తోసినట్టు లేదు. ఫిర్యాదు రాస్తే "మీ సూచనకు ధన్యవాదాలు" అని మరుక్షణంలో జవాబొచ్చింది, అంత త్వరగా వచ్చిన జవాబు మనిషి రాసింది కాదని వేరే చెప్పనక్కర్లేదు.

చందా ఆపేశాను. నిషేధం రోజుల్లో ఇంజను లేని తెప్పల వాళ్ళు వెళ్తూనే ఉంటారు, వాళ్ళకి ఆ మినహాయింపు ఉంది. ఏప్రిల్, మే నెలల్లోనే దక్షిణం నుంచి ఉబ్బు కెరటాలు ఎక్కువ, అందులోనూ తెప్పకి ఒడ్డు దాటడం ఇంకా కష్టం. అందుకని కొట్టు ముందు పలక ఒకటి పెట్టాను. రోజూ సాయంత్రం రేపటి ఎత్తు, వ్యవధి, దిక్కు, గాలి లేచే గంట సుద్దముక్కతో రాస్తున్నాను. వ్యవధి 14 దాటితే దాని చుట్టూ గుండ్రంగా గీత గీస్తాను. మొదట్లో ఆ గీత ఎందుకని అడిగేవాళ్ళు. ఇప్పుడు కొట్టుకి వచ్చి ముందు గీత ఉందా లేదా అని చూసి, తర్వాతే గేలాల ధర అడుగుతున్నారు.